హెచ్చరిక: ముద్ర చదవనిదే వెండి కొనకండి, ముద్ర చదవనిదే వెండి కరిగించకండి

మల్కాపురం, శ్రీహరిపురం, గాజువాకల్లో ప్రతి గడపకీ ఈ మాట చేరాలి. 'అమెరికా పాత వెండి' అంటూ ఎవరైనా చెంచాల సెట్టు గానీ, టీ సెట్టు గానీ, పళ్ళెం గానీ తెచ్చి చూపిస్తే ముందు దాన్ని తిరగేసి ముద్ర చదవండి. తూకం వేయించండి. పరీక్ష చేయించండి. అంతవరకూ ఒక్క రూపాయి చేతిలో పెట్టకండి. అలాంటి సామాను మీ బీరువాలోనే ఉంటే, ధర బాగుంది కదా అని కంసాలి కుంపటి దాకా తీసుకెళ్ళకండి. మొదటి తొందరలో డబ్బు పోతుంది. రెండో తొందరలో డబ్బుతోపాటు, మళ్ళీ ఎంత పోసినా చేయించుకోలేని వస్తువు కూడా పోతుంది.

ఈ హెచ్చరిక ఇప్పుడే ఎందుకంటే, వెండి ధర మనుషుల నిదానాన్ని చెడగొట్టింది. 1980లో ఔన్సుకు 50 డాలర్ల దగ్గర ఆగిపోయిన రికార్డు నలభై అయిదేళ్ళు అలాగే ఉండి, 2025 అక్టోబరులో బద్దలైంది. అదే ఏడాది డిసెంబరులో మన దేశంలో కిలో వెండి 2 లక్షల రూపాయలు దాటింది. బంగారం అందదని తేలిపోయిన ఇళ్ళు వెండి వైపు చూస్తున్నాయి. ఇలాంటి సమయంలోనే తెల్లగా మెరిసే ప్రతి లోహమూ వెండి పేరు పెట్టుకుని సంతకొస్తుంది.

మన ప్రాంతానికి ఈ ప్రమాదం మరికాస్త ఎక్కువ. విశాఖ ఓడరేవు 1933లో మొదలైంది. 1941లో సింధియా కంపెనీ పునాది వేసిన నౌకా నిర్మాణ కేంద్రమే ఇవాళ్టి హిందుస్థాన్ షిప్‌యార్డు. మల్కాపురం పక్కనే 1957లో చమురు శుద్ధి కర్మాగారం పెట్టిన కాల్టెక్స్ అమెరికా కంపెనీ. అదే ఇప్పటి హెచ్‌పీసీఎల్. నౌకాదళం, డాకుయార్డు సరేసరి. అందుకే 'ఇది కాల్టెక్స్ దొరల బంగళాలో సామాను', 'ఇది ఓడ కెప్టెను గదిలోది', 'ఇది అమెరికా నేవీ వాళ్ళది' అని ఎవరైనా చెబితే మనవాళ్ళకు నమ్మబుద్ధవుతుంది. ఇదే మాట వేరే ఊళ్ళో చెబితే నవ్విపోతారు. ఇక్కడ నిజమై ఉండే వీలుంది కాబట్టే ఇక్కడ అబద్ధం కూడా తేలిగ్గా చెల్లుతుంది. పైగా ఇక్కడున్నవి ఉద్యోగ విరమణ డబ్బు చేతికొచ్చే కుటుంబాలు, పిల్లలు అమెరికాలో ఉన్న కుటుంబాలు. అక్కడి పాత సామాన్ల అమ్మకాల్లో కొన్న చెంచాలు సూట్‌కేసుల్లో ఇక్కడికి వస్తున్నాయి. తెచ్చినవాళ్ళు ప్రేమతోనే తెస్తారు, మోసం ఉద్దేశం వాళ్ళకు లేదు. కానీ అవి ఏ లోహమో వాళ్ళకూ తెలియకపోవచ్చు.

ముద్ర ఏం చెబుతుంది

పాత అమెరికన్ వెండి మీద ముద్ర చదవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. కాడ వెనక చిన్న అక్షరాలుంటాయి. భూతద్దం పెట్టి చూడండి.

'స్టెర్లింగ్' అనో, '925' అనో ఉంటే వెయ్యి పాళ్ళలో 925 పాళ్ళు వెండి అని తయారుచేసినవాళ్ళు చెబుతున్నట్టు. 'కాయిన్', 'ప్యూర్ కాయిన్', 'డాలర్', 'స్టాండర్డ్' అనే ముద్రలు అంతకంటే పాతవి. వాటిలో వెండి సుమారు 900 పాళ్ళు. అమెరికాలో 1860ల దాకా ఊరూరా ఉన్న కంసాలులు ఎక్కువగా ఈ నాణ్యంలోనే పనిచేశారు. తర్వాతే స్టెర్లింగ్ నిలదొక్కుకుంది. రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్సులో 1831లో మొదలైన గోరమ్ కంపెనీ 1868లో స్టెర్లింగ్‌కు మారింది. ఇది గుర్తుంటే ఒక పెద్ద మోసం వెంటనే తెలిసిపోతుంది. చెంచా మీద 'స్టెర్లింగ్' అని ఉండగా, దాన్ని 1780 నాటి అమెరికన్ చెంచా అని అమ్మజూస్తే, చెప్పేవాడికైనా తెలియదు, లేదా మనకు తెలియదని వాడి ధీమా.

ఇక పూత సామాను. 'ఇ.పి.ఎన్.ఎస్.', 'సిల్వర్ ప్లేట్', 'ఎ 1', 'ట్రిపుల్', 'క్వాడ్రపుల్' అని ఉంటే లోపల వెండి లేదు. లోపల రాగి, నికెల్, జింకు కలిపిన జర్మన్ సిల్వర్ లాంటి లోహం. పైన కరెంటుతో ఎక్కించిన వెండి పొర. జర్మన్ సిల్వర్‌లో పేరుకు తప్ప వెండి రవ్వంత కూడా ఉండదని మన ఇళ్ళలో చాలామందికి తెలుసు. అదే లోహం మీద ఇంగ్లీషు అక్షరాలు, పూల నగిషీ కనిపించేసరికి ఆ తెలివిడి మరిచిపోతున్నాం.

అందరికంటే ఎక్కువ మందిని బోల్తా కొట్టించే ముద్ర '1847 రోజర్స్ బ్రదర్స్'. దాన్ని చూసి 1847లో చేసిన చెంచా అనుకుంటారు. అది తయారైన సంవత్సరం కాదు, సరుకు పేరులో భాగం. ఆ పేరుతో పూత సామాను తర్వాత దశాబ్దాల తరబడి లెక్కలేనంత తయారైంది. కనెక్టికట్‌లో 1898లో ఏర్పడిన ఇంటర్నేషనల్ సిల్వర్ కంపెనీ ఆ పేరుతో ఇంటింటికీ అమ్మింది. అది చెడ్డ సరుకేం కాదు, భోజనానికి చక్కగా పనికొస్తుంది. కానీ దాన్ని వెండి ధరకు కొంటే నిలువునా మునిగినట్టే.

ఎంత మునుగుతామో లెక్క చూడండి. పాత పద్ధతిలో మామూలు పూత అంటే 144 టీ చెంచాలకు కలిపి రెండు ట్రాయ్ ఔన్సుల వెండి, అంటే 62 గ్రాములు. ఒక్కో చెంచాకు అర గ్రాము కూడా రాదు. పన్నెండు చెంచాల సెట్టు మొత్తంలో ఉండేది అయిదు గ్రాముల చిల్లర. కిలో 2 లక్షల లెక్కన దాని విలువ సుమారు వెయ్యి రూపాయలు. అదే పన్నెండు నిజమైన స్టెర్లింగ్ చెంచాలు, ఒక్కోటి 30 గ్రాములు అనుకుంటే, 333 గ్రాముల శుద్ధ వెండి. దాని విలువ 66 వేల పైచిలుకు. పక్కపక్కన పెడితే రెండూ ఒకేలా ఉంటాయి. తేడా అంతా కాడ వెనక ఉన్న నాలుగు అక్షరాల్లోనే ఉంది.

ఓడ సామాను గురించి ప్రత్యేకంగా చెప్పాలి. హోటళ్ళు, రైళ్ళు, ఓడల భోజనశాలలు గట్టిగా వాడుకోవడానికి చేయించుకున్న సామాను చాలావరకు పూతదే. దాని మీద 'సిల్వర్ సోల్డర్డ్' అని ఉండొచ్చు. అంటే అతుకులు వెండి కలిసిన టంకంతో వేశారని మాత్రమే అర్థం, గిన్నె వెండిదని కాదు. 'యు.ఎస్.ఎన్.' అనే అక్షరాలుంటే అది అమెరికా నౌకాదళం భోజనశాల సామాను అనడానికి ఆధారం కావచ్చు, వెండి అనడానికి ఆధారం కాదు. గుజరాత్‌లో అలంగ్ తీరాన విరగ్గొట్టిన ఓడల సామాను దేశమంతా తిరుగుతుంది. 'ఓడలోంచి వచ్చింది' అనే మాట నిజమైనా, దానివల్ల లోహం మారదు.

ముద్ర ఒక్కటే చాలదు

ముద్ర చదవడం మొదటి మెట్టు మాత్రమే. ఇంగ్లండులో లాగా అమెరికాలో ప్రభుత్వం పరీక్షించి ముద్ర వేసే పద్ధతి లేదు. బాల్టిమోరులో 1814 నుంచి 1830 దాకా నడిచిన పరీక్ష కార్యాలయం ఒక్కటే దీనికి మినహాయింపు. తప్పుడు ముద్ర వేస్తే శిక్షించే దేశవ్యాప్త చట్టం అక్కడ 1906లో వచ్చింది. కాబట్టి అమెరికన్ వెండి మీది ముద్ర ప్రభుత్వం మాట కాదు, చేసినవాడి మాట. మంచి కంపెనీ అయితే ఆ మాట నిలబడుతుంది. కానీ '925' అనే మూడంకెల అచ్చు ఇత్తడి మీదైనా ఎవడైనా కొట్టగలడు.

ఇక్కడే ఇంకో గందరగోళం ఉంది. '925 ఉంది కదండీ, హాల్‌మార్కే' అని కొందరు అమ్మకందార్లు అంటారు. కాదు. మన దేశంలో హాల్‌మార్కు అంటే భారతీయ ప్రమాణాల సంస్థ, అంటే బీఐఎస్, గుర్తు, నాణ్యం అంకె, 2025 సెప్టెంబరు 1 నుంచి దానికి తోడైన ఆరక్షరాల హెచ్‌యూఐడీ సంఖ్య. ఆ సంఖ్యను 'బీఐఎస్ కేర్' యాప్‌లో కొడితే వస్తువు వివరాలు వస్తాయి. వట్టి '925' హాల్‌మార్కు కాదు. అమెరికా నుంచి వచ్చిన పాత చెంచా మీద మన హాల్‌మార్కు ఉండే అవకాశమే లేదు కాబట్టి దాన్ని పరీక్షించి తీరాలి.

ఇంటి పరీక్షల్ని అతిగా నమ్మకండి. అయస్కాంతానికి అంటుకుంటే అది వెండి కాదు, ఆ మాట నిజం. అంటుకోకపోతే వెండే అనడానికి మాత్రం లేదు, ఎందుకంటే రాగీ ఇత్తడీ జర్మన్ సిల్వరూ కూడా అంటుకోవు. మంచు ముక్క త్వరగా కరిగితే వెండి అని వీడియోల్లో చూపిస్తారు. రాగి మీద కూడా అంతే త్వరగా కరుగుతుంది. ఇంట్లో చేయదగ్గ పరీక్షల్లో కాస్త నమ్మదగినది నీటి పరీక్ష. గిన్నెలు, బోలు కాడలు కాకుండా గట్టి చెంచాలు నూరు గ్రాములు తూచి, గీతలున్న కొలజాడీలో ముంచండి. స్టెర్లింగ్ అయితే నీరు పది మిల్లీలీటర్ల లోపే పైకి జరుగుతుంది. జర్మన్ సిల్వర్ అయితే పదకొండు దాటుతుంది. అనుమానం తీర్చుకోవడానికి ఇది సాయం చేస్తుంది. ధర కట్టడానికి మాత్రం హాల్‌మార్కింగ్ కేంద్రంలో పరీక్షే చేయించాలి. అక్కడి ఎక్స్‌రే యంత్రం పై పొరనే చదువుతుంది. అందువల్ల దళసరి పూత దాన్ని మోసం చేయొచ్చు. చెంచా అడుగు, కాడ అంచు లాంటి అరిగిన చోట్ల, రెండు మూడు చోట్ల చూడమని అడగండి.

బరువులో కూడా జాగ్రత్త కావాలి. పాత కత్తుల్లో పిడి మాత్రమే వెండి, అదీ బోలు. లోపల లక్క లాంటి జిగురు నింపి ఉంటుంది, అలుగు ఉక్కుది. కొవ్వొత్తి స్తంభాల్లో సిమెంటో మరొకటో పోసి ఉంటుంది. అలాంటి వాటి మీద 'వెయిటెడ్', 'రీఇన్‌ఫోర్స్‌డ్' అని రాసి ఉంటుంది. కత్తులు, స్తంభాలు చెంచాలతో కలిపి ఒకే తక్కెడలో వేసి 'కిలో వెండి' అంటే ఒప్పుకోకండి.

కరిగించిన వాళ్ళు ఏం పోగొట్టుకున్నారు

ఇప్పుడు రెండో ప్రమాదం, కరిగించడం. దీని మీద మనలో ఎవరికీ పట్టింపు లేదు, అందుకే దీని గురించి ఎక్కువ బాధపడాలి.

అమెరికాలో టెక్సస్‌కు చెందిన హంట్ సోదరులు, నెల్సన్ బంకర్ హంట్, విలియం హెర్బర్ట్ హంట్, ప్రపంచంలో దొరికిన వెండినంతా పోగుచెయ్యబోయారు. 1979 మొదట్లో ఔన్సు ఆరు డాలర్ల చుట్టుపక్కల ఉన్న వెండి 1980 జనవరిలో 50 డాలర్ల దగ్గరకు వెళ్ళింది. అమెరికన్లు అమ్మమ్మల నాటి చెంచాలు, టీ కెటిళ్ళు, పళ్ళేలు పట్టుకుని కొనుగోలుదార్ల ముందు బారులు తీరారు. తరాల నాటి వెండి టన్నుల లెక్కన మూసల్లోకి పోయింది. అదే ఏడాది మార్చి 27న ధర ఒక్కసారిగా కూలి పదకొండు డాలర్ల లోపుకు పడింది. ఆ రోజును వాళ్ళు 'వెండి గురువారం' అని ఇప్పటికీ తలుచుకుంటారు. వెండి ధర తర్వాత మళ్ళీ లేచింది, పడింది, లేచింది. కరిగిపోయిన చెంచా ఒక్కటి కూడా తిరిగి రాలేదు. ఊరి కంసాలి పేరు కొట్టిన పలుచని కాయిన్ వెండి చెంచాలు, 1890ల్లో ఊరూరా జ్ఞాపికలుగా చేసిన చెంచాలు ఆనాడు ఎన్ని కరిగాయో లెక్క తేల్చేవాళ్ళే లేరు. ఆ రెండో రకంలో బాగా ప్రసిద్ధమైనది మసాచుసెట్స్‌లో సేలం నగరపు 'మంత్రగత్తె చెంచా'.

ఆ తప్పు మనం ఇప్పుడు చేయబోతున్నాం. మన బీరువాల్లో అమెరికన్ చెంచాలే కాదు, మనవీ ఉన్నాయి. మద్రాసులో పి. ఓర్ అండ్ సన్స్ వాళ్ళు దేవతామూర్తుల నగిషీతో చేసిన 'స్వామి' పనితనపు వెండికి విదేశాల్లో ఎంతో మంది సేకర్తలున్నారు. విశాఖ అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉండేది కాబట్టి అలాంటి పళ్ళెమో కెటిలో మన పాత ఇళ్ళలో ఉండే అవకాశం గట్టిగా ఉంది. కరీంనగర్ వెండి తీగపనికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పనిలో పాత కుంకుమ భరిణెలు, పన్నీరు బుడ్లు, అత్తరు పాత్రలు ఇంకా ఇళ్ళలో ఉన్నాయి. తీగపని కరిగిస్తే గ్రాముల్లో విలువ కొద్దిగానే వస్తుంది, ఎందుకంటే దాని విలువంతా వేళ్ళ పనితనంలో ఉంది.

ఈ ఊరికి ఇలాంటి నష్టం కొత్త కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో విశాఖపట్నం వడ్రంగులు దంతం పొదిగి చేసిన కుర్చీలు, పెట్టెలు ఇవాళ లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో, విదేశీ వేలం శాలల్లో 'విజగపటం పని' అనే పేరుతో ఉన్నాయి. చేసిన ఊళ్ళో ఆ పేరు తెలిసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కొయ్య సామాను ఊరు దాటినా ఎక్కడో ఒకచోట మిగిలింది. వెండి సామాను మూసలోకి పోతే ఎక్కడా మిగలదు.

అందుకే అడుగుతున్నాను. అవసరం వచ్చి అమ్మక తప్పకపోతే అమ్ముకోండి, అది మీ సొత్తు. కానీ కురుపాం మార్కెట్‌కు తీసుకెళ్ళే ముందు ముద్ర ఫోటో తీసి, ఆ వస్తువు వెండి ధర కంటే ఎక్కువ విలువ చేస్తుందేమో తెలిసినవాళ్ళ చేత చూపించుకోండి. పేరున్న కంపెనీ ముద్ర ఉన్నా, కంసాలి పేరు ఉన్నా, ఊరి పేరు చెక్కి ఉన్నా, కరిగించే ధరకు ఇవ్వడం తెలివితక్కువ.

చట్టం తెలియకపోతే జైలు

సేకరణ సరదాగా మొదలై కేసుల దాకా వెళ్ళే దారులు మూడున్నాయి.

మొదటిది, దంతపు పిడులు. పాత కత్తులకు, ఫోర్కులకు ఏనుగు దంతపు పిడులుంటాయి. వెండి టీ కెటిల్ పిడి వేడెక్కకుండా మధ్యలో తెల్లని దంతపు ఉంగరాలు అమర్చి ఉంటాయి. చూడటానికి చిన్న ముక్కలే. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972, దానికి 1991లో వచ్చిన సవరణ ప్రకారం మన దేశంలో దంతం వ్యాపారం నిషిద్ధం, ఆఫ్రికా దంతమైనా సరే. అమెరికాలో కూడా ఆఫ్రికా దంతం అమ్మకాల మీద 2016 నుంచి దాదాపు పూర్తి నిషేధం ఉంది. కాబట్టి పిల్లలకు ముందే చెప్పండి. తెల్లని పిడి ఉంటే, దాని మీద సన్నని అడ్డగీతలు వలలా కనిపిస్తే, దాన్ని కొనవద్దు, తేవద్దు.

రెండోది, నూరేళ్ళు దాటిన వస్తువులు. పురావస్తువులు, కళాఖండాల చట్టం 1972 ప్రకారం నూరేళ్ళకు తక్కువ కాని కళాపనితనపు వస్తువు పురావస్తువు అవుతుంది. వాటిని అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి. దేశం దాటించే హక్కు మామూలు వ్యక్తులకు లేదు. అతిక్రమిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, జరిమానా. 'తాతమ్మ వెండి పన్నీరు బుడ్డి అమెరికాలో మనవరాలికి పెళ్ళి కానుకగా పంపుదాం' అనుకునేవాళ్ళు ఈ మాట గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. వయసు మీద అనుమానం ఉంటే భారత పురావస్తు సర్వేక్షణ అధికారుల చేత అది పురావస్తువు కాదనే ధ్రువపత్రం తీసుకున్నాకే సామాన్లో పెట్టాలి.

మూడోది, విమానాశ్రయం. ఒంటి మీది ఆభరణాలకు ఇచ్చే వెసులుబాటు వెండి చెంచాలకు, పళ్ళేలకు వర్తిస్తుందని అనుకోకండి. బిల్లు దగ్గర పెట్టుకుని ఎర్ర దారిలో వెళ్ళి కస్టమ్స్ వారికి చెప్పి సుంకం కట్టండి. దాచి దొరికితే వస్తువూ పోతుంది, పరువూ పోతుంది.

ఇక్కడే ఫోన్ మోసగాళ్ళు కాచుకుని ఉన్నారు. 'మీకు అమెరికా నుంచి వెండి సామాను పార్సిలొచ్చింది, కస్టమ్స్‌లో ఆగింది, సుంకం ఈ ఖాతాకు పంపండి' అని ఫోను వస్తే వెంటనే పెట్టేయండి. కస్టమ్స్ శాఖ వ్యక్తిగత ఖాతాల్లోకి డబ్బు అడగదు. ఆ శాఖ పంపే పత్రాల మీద డీఐఎన్ అనే సంఖ్య ఉంటుంది, దాన్ని ఆ శాఖ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. డబ్బు పంపేసి ఉంటే సిగ్గుపడి కూర్చోకుండా ఆ క్షణమే 1930కి ఫోన్ చేయండి. ఆలస్యం అయ్యేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

పిల్లల నోట్లో పెట్టే ముందు

డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. ఈ మాట మాత్రం తల్లులు, అమ్మమ్మలు, నాయనమ్మలు వినాలి. అన్నప్రాశనకు, ఉగ్గు పెట్టడానికి వెండి చెంచా మన ఆచారం. అమెరికా నుంచి వచ్చిన పాత చెంచా అందంగా ఉందని, దాని లోహం తెలియకుండా పసిబిడ్డ నోట్లో పెట్టకండి. బూడిదరంగులో, మెత్తగా, బరువుగా ఉండే పాత సామాను వెండి కాకుండా ప్యూటర్ కావచ్చు. అది తగరం ప్రధానంగా ఉన్న లోహం. పాతకాలపు ప్యూటర్‌లో చాలాసార్లు సీసం కలిపేవారు. చింతపండు పులుసు, నిమ్మరసం, చారు లాంటి పుల్లని పదార్థాలు సీసాన్ని లాగుతాయి. పిల్లల మెదడుకు సీసం ఎంత కొద్దిగా అయినా మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది.

పూత అరిగిన చెంచాలు కూడా అంతే. లోపలి రాగి బయటపడితే పులుపు తగిలిన చోట చిలుము పడుతుంది. నికెల్ పడనివాళ్ళకు పెదవులు, వేళ్ళు దద్దురెక్కుతాయి. పూత లేచిన చెంచాను అద్దాల బీరువాలో పెట్టుకోండి, విస్తరి పక్కన పెట్టకండి.

మెరుగు పేరుతో దోపిడీ

'వెండి, బంగారం మెరుగు పెడతాం' అని వీధుల్లో తిరిగే వాళ్ళను గుమ్మం ఎక్కనివ్వకండి. నైట్రిక్ ఆమ్లంలో వెండి కరుగుతుంది. మీ కళ్ళ ముందే ముంచి, తళతళలాడే వస్తువు తిరిగి ఇస్తారు. కరిగిన వెండి ఆ ద్రవంలో వాళ్ళతోపాటు పోతుంది. పట్టుబట్టి లోపలికి రాబోతే 112కి ఫోన్ చేయండి.

మీ చేత్తో తోమినా జాగ్రత్తే. చింతపండు, విబూది, పళ్ళపొడి, టూత్‌పేస్టు పెట్టి గట్టిగా రుద్దితే పూత సామాను మీద పూత లేస్తుంది, నిజమైన వెండి మీద నగిషీ, ముద్ర అరుగుతాయి. ముద్ర అరిగిపోయిన చెంచాకు పుట్టిన ఊరు లేనట్టే. కొందరు పాత యజమాని పేరు అక్షరాలు అసహ్యమని గీకించేస్తారు. దానివల్ల ఆ చోట లోహం పలచబడి విలువ పడిపోతుంది. అక్షరాలు అలాగే ఉండనివ్వండి.

మల్కాపురం గాలిలో ఇంకో సమస్య ఉంది. వెండిని నల్లబరిచేది గంధకం. కర్మాగారాల చుట్టూ గాలిలో గంధకం సమ్మేళనాలు ఉంటాయి, సముద్రపు ఉప్పుతేమ మరో పక్క. అందుకే ఇక్కడి వెండి మిగతా చోట్లకంటే త్వరగా నల్లబడుతుంది. నల్లబడిందని కంగారు పడి వారంవారం రుద్దకండి. మెత్తని నూలుగుడ్డ తడిపి ఒక చుక్క సబ్బుతో తుడిచి, పూర్తిగా ఆరబెట్టి, ఉతికిన నూలు గుడ్డలో చుట్టి మూత గట్టి డబ్బాలో పెట్టండి. రబ్బరు బ్యాండ్లు వేయకండి, రబ్బరులో గంధకం ఉంటుంది. ఉప్పు గిన్నెలో వెండి చెంచా వదిలేయకండి, ఉప్పు గుంటలు పెడుతుంది.

కొనే ముందు, అమ్మే ముందు

అమెరికాలో ఉన్న పిల్లలకు ఇవాళే ఒక సందేశం పంపండి. కాడ వెనక ముద్ర ఫోటో పంపనిదే చెంచాలు కొనవద్దని చెప్పండి. కొంటే బిల్లు మీద 'స్టెర్లింగ్' అన్న మాట, బరువు, వెల రాయించుకోమనండి. 'పాల్ రెవియర్' పేరు కనిపిస్తే మురిసిపోవద్దని కూడా చెప్పండి. బోస్టన్ స్వాతంత్ర్య వీరుడైన ఆ కంసాలి 1768లో చేసిన ప్రసిద్ధ గిన్నె బోస్టన్ లలితకళల మ్యూజియంలో ఉంది. ఆయన పేరుతో ఇవాళ దొరికే గిన్నెలు, చెంచాలు దాదాపు అన్నీ తర్వాతి కాలపు నకళ్ళు, కొన్నయితే స్టీలువి.

ఇక్కడ కొంటే లోహం, నాణ్యం, గ్రాములు, మజూరీ, 3 శాతం జీఎస్టీ విడివిడిగా రాసిన బిల్లు తీసుకోండి. 'బిల్లు వద్దు, కాస్త తగ్గిస్తాను' అన్నవాడి దగ్గర కొనకండి. బిల్లు ఇవ్వడానికి వెనకాడే మనిషి వెండి నాణ్యం గురించి చెప్పిన మాటకు ఎక్కడా నిలబడడు. మోసపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కి ఫోన్ చేయండి. అమ్మేటప్పుడు రెండు దుకాణాల్లో తూకం వేయించి, తరుగు ఎంత తీస్తున్నారో, ఏ నాణ్యం లెక్క కడుతున్నారో అడగండి. స్టెర్లింగును జర్మన్ సిల్వర్ అని తోసిపుచ్చి చవగ్గా లాగేసుకునే వాళ్ళు కూడా ఉంటారు. ముద్ర చదవడం వచ్చినవాళ్ళ దగ్గర ఆ ఆట సాగదు.

అధికారులకూ ఒక మాట. బంగారు నగలకు హాల్‌మార్కు 2021 జూన్ 16 నుంచి తప్పనిసరి దశలోకి వచ్చింది. వెండికి మాత్రం ఇంకా ఐచ్ఛికమే. కిలో 2 లక్షలు దాటిన లోహానికి ఇది సరిపోదు. వెండికి కూడా తప్పనిసరి చేయాలి. అది వచ్చేలోపు బీఐఎస్ విశాఖ శాఖ వాళ్ళు పరీక్ష యంత్రంతో మల్కాపురం, గాజువాకల్లో శిబిరాలు పెట్టి, జనం తెచ్చిన వెండిని ఉచితంగా చూసిపెట్టాలి. మహా విశాఖ నగరపాలక సంస్థ అందుకు కల్యాణ మండపాలు ఇవ్వాలి. బీచ్ రోడ్డులో పాత డచ్ బంగళాలో ఉన్న విశాఖ మ్యూజియం, విశ్వవిద్యాలయ చరిత్ర విభాగాలు ఆ శిబిరాల్లో కూర్చుని, పాత ముద్రలున్న ప్రతి వస్తువుకూ ఫోటో తీసి నమోదు చేయాలి. కరిగిపోయే ముందు కనీసం రూపమైనా మిగులుతుంది. బంగారు, వెండి వర్తకుల సంఘాలు ఈ పనికి ముందుకు రావాలి. మోసగాళ్ళ వల్ల నమ్మకం పోతే మనకంటే నిజాయితీగా వ్యాపారం చేసేవాళ్ళకే ఎక్కువ నష్టం.

ఈ వారంలోనే పని మొదలుపెట్టండి. బీరువాలోంచి వెండి బయటకు తీసి, ఒక్కొక్కటీ తిరగేసి, ముద్ర ఫోటో తీసి, బరువు నోట్‌బుక్కులో రాసి, ఎవరిచ్చారో ఎప్పుడిచ్చారో పెద్దవాళ్ళను అడిగి రాసుకోండి. ఒక కాపీ పిల్లల దగ్గర ఉంచండి. దొంగతనం జరిగినా, పంపకాలు వచ్చినా, అమ్మాల్సి వచ్చినా, ఆ రెండు పేజీలే మీ తరఫున మాట్లాడతాయి. అవి రాసే దాకా కొత్తగా ఏ వెండీ కొనకండి, పాతది ఏదీ కరిగించకండి.